రావు సార్ భుజం

మే 4, ఆదివారం
చెయ్యి లేస్తలేదు. తల దువ్వుకుందామంటె దువ్వెన చెవు దాకా వచ్చి ఆగింది. ఎడమ చేత్తోని దువ్వుకున్న. అక్క సూసి నవ్వింది — "కొత్త స్టయిలా?" నేను నవ్వలే.

మే 5
నాచారం క్లబ్బుల పొద్దుగాల మెంబర్లతోని టెన్నిస్ ఆడుడు నా నౌకరి. మార్కర్ అంటరు. గట్టిగ కొట్టమంటె గట్టిగ, మెల్లగ అంటె మెల్లగ. బంతులేసే మిషన్‌కు జీతమిచ్చినట్టు.
ఇయ్యాల నొప్పికి సర్వ్ మెల్లగ కొట్టిన. సెక్రటరీ సార్ — "ఏంరా, ఉపాసమున్నవా?" అందరు నవ్విన్రు. నాకు మండింది. పగబట్టినట్టు కొట్టిన. ఆయన బ్యాట్ లేపేలోపే బంతి వెనక కంచె జాలీకి తాకింది. "గిట్ల కొట్టాలె!"
తర్వాత మోటరు రూము వెనక కూసొని భుజం పట్టుకున్న. కోర్టు మట్టికి నీళ్లు కొట్టే యాదగిరన్న సూసిండు. "దవాఖానాకు పోరా. లేకుంటె రేపు నా పైపు గూడ పట్టలేవు."

మే 8
ఉప్పల్‌ల ఫిజియో మేడం. చేతికి గొడుగిచ్చి సర్వ్ కొట్టి సూపియ్యమన్నది. కొట్టిన.
"మోకాళ్లు వంగవా నీకు?"
వంగుతయ్.
"మరి కట్టెలెక్క ఎందుకు నిలబడ్డవ్? మోచెయ్యి భుజం కిందికి ఎందుకు పడుతున్నది? బలం కాళ్లల్లకెళ్లి రావాలె. నువ్వు బరువంత భుజం మీదనే ఏస్తున్నవ్. ఎవరు నేర్పిన్రు?"
ఎవరు నేర్పలే. మెంబర్ రావు సార్‌ను సూసి నేర్చుకున్న. క్లబ్బుల ఆయన సర్వ్ అందరికంటె అందంగుంటది.
"ఆ సార్‌కు ఎప్పుడన్న దెబ్బ తాకిందా?"
నాకు తెల్వదు. ఇన్నేండ్ల సంది నెట్‌కు ఇవుతల నిలబడ్డ... తెల్వదు.
ఆట బంద్ జెయ్యొద్దట, తీరు మార్చాలట. మోకాళ్లు వంచాలె, బంతి జర ముందుకు ఎగరెయ్యాలె, మోచెయ్యి పైకి ఉండాలె, సగం జోరుతోనే కొట్టాలె. మార్చకుంటె లోపల నరం తెగుతదట.

మే 9
రావు సార్‌ను అడిగిన. ఏండ్లల్ల మొదటిసారి ఆయన్ను ఒక మాట అడిగిన. మార్కర్ అడగడు. "గుడ్ షాట్ సార్" — అంతే మా భాష.
ఆయన కండ్లద్దాలు తుడుసుకుంట చెప్పిండు. "పెళ్లయిన కొత్తలో స్కూటర్ మీంచి పడ్డానయ్యా. భుజంలో ప్లేటు వేశారు. చెయ్యి ఇంతకంటే లేవదు. ఆటలు మానేయమన్నారు. ఏడాదిపాటు గోడకేసి కొట్టి, కాళ్లు బిగబట్టి, మోచెయ్యి దించి, నొప్పి రాని పద్ధతి నేనే కనిపెట్టుకున్నాను. ఇది నా భుజానికి కుట్టించుకున్న చొక్కా. నువ్వెందుకు తొడుక్కున్నావ్?"
"నాకెవ్వరు చెప్పలే సార్."
"అందరికీ తెలుసు. నువ్వడగలేదు."
అడగలేదట! అడిగే తీరుగ ఉంచిన్రా మమ్ముల?
కుంటెటోన్ని సూసి, నడకంటె అదే అనుకున్నట్టయింది. బాగున్న కాళ్లతోని కుంటుడు నేర్చుకున్న. అది గూడ మస్తు శ్రద్ధగ.

మే 13
కొత్త సర్వ్. బంతి నెట్ల. నెట్ల. మళ్ల నెట్ల.
యాదగిరన్న — "తమ్మీ, ఆ నెట్‌తోని నీకేం దుష్మనీరా?"
భుజం నొప్పి లేదు. ఆట గూడ లేదు.

మే 17
మెంబర్లు రాకముందే రావు సార్ వచ్చి బెంచీ మీద కూసున్నడు. నేను పిలువలే. బంతి బంతికి "మోకాలు! మోకాలు!" అని అరుసుడు. మర్యాదగ విన్న, లోపల మండుతున్నది. చివరికి ఒకటి పడ్డది. చప్పుడే వేరే. భుజం ఉన్నట్టే తెల్వలే. సార్ చప్పట్లు కొట్టిండు.
ఒకటే. మళ్ల పడలే.

మే 24, శనివారం
సైనిక్‌పురి టెన్నిస్ అకాడమీల అసిస్టెంట్ కోచ్ కోసం ట్రయల్. ఇది దొరికితె "ఏంరా" అనేటోళ్లుండరు.
కొత్త సర్వ్ కొడుదామని గట్టిగ అనుకొని పోయిన. నెట్ల. నెట్ల. హెడ్ కోచ్ ఫోన్ సూసుకుంటున్నడు. "ఇంతేనా బాబూ?"
ఆ మాటకు... నేను కాదు, ఒళ్లే చేసింది. మోకాళ్లు బిగుసుకున్నయ్, మోచెయ్యి కిందికి దిగింది. బంతి గీత మీద పేలింది. ఆయన ఫోన్ జేబుల పెట్టిండు.
"ఇంకోటి."
కొట్టిన.
"ఇంకోటి."
కొట్టిన. కండ్లల్ల నీళ్లు. చెమట అనుకున్నడు.
"సోమవారం నుంచి రా. మా పిల్లలకు ఈ సర్వ్ కావాలె."
వాపస్ వస్తుంటె బస్సుల పై రాడ్ పట్టుకోలేకపోయిన. ఉప్పల్ దాకా ఎడమ చెయ్యే.

మే 26
పిల్లలు "కోచ్ సార్" అంటున్రు. రాత్రి అన్నం ఎడమ చేత్తోని తిన్న. అక్క ఇయ్యాల నవ్వలే.

మే 29
మెల్లగ కొత్త తీరు సూపెడదామని చూసిన. హెడ్ కోచ్ దూరంకెళ్లి కేకేసిండు — "ట్రయల్ల కొట్టిందేది? అది కొట్టు!" భుజం పోయిందని చెప్తె నౌకరి పోతది. కొట్టిన.
క్లబ్బుల నా జాగల వేరే పోరడు చేరిండట. ఇగ అటు గూడ తొవ్వ లేదు.

జూన్ 2, సోమవారం
నెట్‌కు అవుతల ఒక పాప. పదేండ్లుంటయేమో. వచ్చినకాడికెళ్లి ఒక్క మాట మాట్లాడలే, నన్నే సూస్తున్నది. ఇయ్యాల ఆమె వంతు వచ్చింది. మోకాళ్లు కట్టెలెక్క. మోచెయ్యి భుజం కిందికి. అచ్చం.
"ఎవరు చెప్పిన్రమ్మా అట్ల కొట్టుమని?"
"ఎవరూ చెప్పలే సార్. మీరు అట్లనే కొడుతున్నరు కదా."
హెడ్ కోచ్ వెనకకెళ్లి — "శబాష్! సూసిన్రా, ఎంత తొందరగ పట్టుకున్నదో!"
పాప నవ్వింది. మళ్ల కొట్టింది. మంచిగ పడ్డది.

జూన్ 3
అక్క నిన్న రాత్రి నా భుజానికి మందు రాసుకుంట అడిగింది — "ఈ నొప్పి సంగతి ఎవరికన్న చెప్పినవా?"
పాప ఇయ్యాల అందరికంటె ముందొచ్చింది. ఒక్కతే జాలీకేసి కొట్టుకుంటున్నది. నేను గేటు కాడ నిలబడి సూసిన. మోకాళ్లు, మోచెయ్యి...
"అట్ల కొట్టకు బిడ్డా" — నోటి దాకా వచ్చింది.
చెప్పలే.