కమల్‌ని అప్పుడే సంతకం పెట్టనివ్వకు

తమ్ముడు బలరాంకి లౌటోకా నుంచి అక్క నాగమ్మ దీవెనలు. అందరం బాగున్నాం, కార్డు చూసి కంగారు పడకు.

మా అబ్బాయి జై చెరకు లారీ కొన్నాడు కదా. లోను కూడా ఆ లారీల దుకాణం అతనే ఇప్పించాడు. ఎంత మేలు చేశాడో అనుకుని మన ఫిజీ మర్యాద ప్రకారం నేను మంచి యంగోనా వేళ్ళ కట్ట పట్టుకెళ్ళి ఇచ్చాను. మర్యాదగా చప్పట్లు కొట్టి రెండు చేతులా అందుకున్నాడు. మొన్న కిస్తీ కట్టబోతే ఫైనాన్సు ఆఫీసు పిల్ల చెప్పింది, మమ్మల్ని తెచ్చినందుకు కంపెనీ అతనికి కమీషన్ ఇస్తుందంట. వడ్డీ ఎంత ఎక్కువ రాయిస్తే కమీషన్ అంత ఎక్కువంట. నేనే వెళ్ళి అడిగాను. "నువ్వు అప్పుడు అడగలేదు కదా అమ్మా" అని నవ్వాడు. అలాంటిది ఒకటుందని తెలిస్తే కదా అడగడానికి! ఇంకా నాలుగేళ్ళు కట్టాలి. జైకి నడుం నొప్పి, ఈ ఏడు వానల్లేవు. నాకు నిద్ర పట్టడం లేదు.

అతను మంచివాడని మీ అబ్బాయి కమల్‌కి చెప్పింది కూడా నేనే. వచ్చే శుక్రవారం టాక్సీ లోనుకి సంతకం పెట్టడానికి వస్తానన్నాడు. ముందు మా ఇంటికి రమ్మను. నేనూ వెంట వెళ్ళి కమీషన్ ఎంతో ఆ మనిషి నోటితోనే చెప్పిస్తాను. ఈ కార్డు అప్పటిలోగా అందితే చాలు.

మరదలి కాలి వాపు తగ్గిందా? మేక ఈనిందా? కాస్త చింతపండు పంపు. అతనికి ఇవ్వాలని నువ్వు కట్టి ఉంచిన యంగోనా విప్పేసి, దంచి నీళ్ళలో కలుపుకుని మీరే తాగండి. పిల్లలకి నా ముద్దులు.