సూర్ రోడ్డుకి సరిపోయే టైర్లు

ఏవండీ,

పప్పుచారు స్టవ్ మీద ఉంది, వేడి చేసుకుని తినండి. టైర్ల షాపాయన ఫోన్ చేశాడు. మీ బండికి రెండు రకాలొచ్చాయట. ఇసుకలో పట్టుండే గుబ్బల టైర్లు ఒకటి, తారు రోడ్డు మీద మెత్తగా పోయేవి ఇంకొకటి. ఏవి బిగించాలో సాయంత్రంలోగా చెప్పమన్నాడు.

మీ మనసు గుబ్బల వాటి మీదే ఉందని తెలుసు. ఇసుకలోకి మీరూ మీ స్నేహితులూ పోతారు, నేను ఇంట్లో కూర్చుని ఫొటోలు చూస్తాను. సముద్రం పక్కనే పోయే తారు రోడ్డు మీద సూర్ ఊరి దాకా తీసుకెళ్తానని పెళ్లయిన కొత్తలో అన్నారు. మీకు సెలవున్న రోజే నాకు డ్యూటీ పడుతోంది. ఈ శుక్రవారం డ్యూటీ నాతో పనిచేసే హసీనాకి ఇచ్చేశాను.

షాపుకి మీరే చెప్పుకోండి. నేనేమీ అనను.

సంధ్య

సామాన్ల పెట్టె కోసం మీరు పీకేసిన వెనక సీటు మంచం కింద దొరికింది. దుమ్ము తుడిచి మీ హెల్మెట్ పక్కన పెట్టాను.