మా చెల్లెలి పేగుదే తప్పన్న నివేదికపై అభ్యంతరం

ఆహార తనిఖీ అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బట్టల మిల్లు హాస్టల్ వంటశాల నిర్దోషి అనియు, మా చెల్లెలి పేగే దోషి అనియు తాము ఇచ్చిన నివేదికను రద్దు చేయుట గురించి.

బస్సుల మెకానిక్కునైన నేను విన్నవించుకొనునది:

1. మా చెల్లెలు ఆ మిల్లులో కుట్టుపని చేయుచు హాస్టల్లోనే ఉండును. ఆదివారం మిగిలిన కోడికూరను సోమవారం వేడిచేసి వడ్డించిరి. "వాసనొస్తోందక్కా" అంటే, "తింటే తిను, లేకుంటే లే" అన్నదట వంటావిడ. ఆకలి మీద తిన్నది. మర్నాటికి నెత్తురు విరేచనాలు. ఆసుపత్రికి మోసుకెళ్లేసరికి నన్నే గుర్తుపట్టలేదు.

2. తాము తనిఖీకి విచ్చేసి, మేనేజరు గదిలో భోంచేసి, "అదే కూర తిన్న తక్కినవారికి ఏమీ కాలేదు, రోగి పేగు బలహీనము" అని రాసితిరి. ఆ కాగితం చూపి మిల్లువారు ఆమెను పనిలోంచి తీసివేసిరి. కొట్టినవాణ్ణి వదిలి, దెబ్బతిన్నదాని వీపు మెత్తన అని నేరం మోపుట ఏ చట్టమో సెలవియ్యగలరు.

3. డాక్టరమ్మను అడిగితిని.

"పేగు గోడకు జిగురు పొరే కాపలా. వచ్చిన క్రిములు చాలావరకు అందులో చిక్కుకుని బయటికి పోతాయి. పీచున్న తిండి అందకపోతే, పేగులో ఉండే సూక్ష్మజీవులే ఆకలికి ఆ జిగురును తింటాయి. పొర పలచబడితే, పాడైన కూరలోని క్రిములు తేలిగ్గా గోడను పట్టుకుంటాయి. మీ చెల్లికి అలాగే జరిగి ఉండొచ్చు. రోజూ ఏం తింటుంది?"

"తెల్లన్నం, నీళ్లలాంటి కూర."

"ఆకుకూరలు?"

"ఇంటికొస్తేనే. సెలవిస్తే కదండీ రావడానికి!"

4. ఆ కూర తిన్నా జబ్బు పడనివారు ఇంటినుంచి పనికి వచ్చిపోయేవారు, ఇంట్లో రోజూ ఆకుకూర తినేవారు. హాస్టల్ పిల్లల్ని తమరు ఒక్కమాటైనా అడిగారా? కాపలావాణ్ణి పస్తులుంచిందీ ఆ వంటశాలే, దొంగను లోపలికి తోలిందీ ఆ వంటశాలే!

కావున ముందు కబురు పెట్టక వచ్చి, పిల్లలు తినే వంటలోంచి నమూనా తీయించి, వారి బల్లమీదే కూర్చుని తిని, నివేదిక మార్చి, మా చెల్లెలి పని తిరిగి ఇప్పించవలెను. ఆమె బతికినది గాని, ప్రతి ముద్దా వాసన చూసిగాని మింగుట లేదు. చిత్తగించి, కుర్చీలోంచి కదలవలెను.

తమ విధేయుడు (ఆనవాయితీ కొద్దీ),
ఆమె అన్న

తా.క.: ఇది రాస్తుండగానే అదే హాస్టల్ నుంచి ఇంకో అమ్మాయిని ఈ ఆసుపత్రికే తెచ్చారు. మా చెల్లెలు మంచం దిగి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "ఏడవకే, నాకు తగ్గిందిగా" అంటోంది. ఈ పిల్ల పేగుది కూడా తప్పేనా సార్? నేను హాస్టల్‌కి పోతున్నా. మీరొస్తారా, కూర గంగాళమే ఎత్తుకుని మీ ఆఫీసుకు రమ్మంటారా?