మామిడికాయలు మాగేసే గదిలో ఇంజను

ఆగిరిపల్లి,
14-5-1961

బావగారికి నమస్కారాలు. ఇక్కడ మనుషులందరం బాగానే ఉన్నాం. జీపే బాగాలేదు.

లక్ష మైళ్లు తిరిగేసిన మిలటరీ జీపుల్ని మనిద్దరం ఒకే వేలంలో కొన్నాం. సరదాకొద్దీ ఎవరి ఇంజను వాళ్లమే విప్పి బిగించుకున్నాం. మీరు సిలిండర్ల బోరు పెంచి పెద్ద పిస్టన్లు వేశాక, మీ బండి ట్రైలర్ నిండా రసాలు వేసుకుని నూజివీడు రోడ్డు మెరక ఎక్కేస్తోంది. పొగ కూడా రావడం లేదు, నేను వంగి మరీ చూశాను. మీ జీపు చప్పుడు మలుపులో వినపడగానే మీ చెల్లెలు పుష్పవతి కాఫీకి నీళ్లు పెడుతుంది. నేను జీపు తీస్తే మాత్రం, ఎద్దుల్ని మేతకి తోలొద్దని పాలేరుకి చెబుతుంది.

మీరు లోపల కొత్త ఇంజను పెట్టించారని ఊళ్లో అన్నది నేనే. ఇంకెవరో ఆ మాట మీ చెవిన వేసేలోపు నేనే రాస్తున్నాను.

మొన్న దారిలో నా ఇంజను పట్టేసింది. విప్పితే నూనె పారే సన్న దారిలో గడ్డిపరకలు ఇరుక్కుని, బేరింగులు మాడిపోయి ఉన్నాయి. మొదటిసారి విప్పినప్పుడు, దుమ్ము పడకూడదని సామానంతా మామిడికాయలు మాగేసే గదిలో వరిగడ్డి కింద దాచాను. తీసేటప్పుడు సరిగా దులపకుండానే బిగించేశాను. ఈ సంగతి పుష్పవతికి తెలియదు. మీరూ చెప్పకండి.

ఈసారి బిగించేటప్పుడు మీరు పక్కనుండాలి. ఇలా అడగడం నాకు చేదుగానే ఉంది. వచ్చే ఆదివారం రండి.

ఒక్కటే మనవి. మీ జీపు ఇంటి దగ్గర ఉంచేసి, బస్సులో రండి.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త