మొగులయ్య పోసిన నీళ్లు

8 జూలై 2012, ఆదివారం

తాతయ్య కారు మీది తార్పాలిన్ తీశాం. 1964 అంబాసిడర్. వెనక సీట్లో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. తుక్కు కొనేవాణ్ణి పిలుస్తానన్నారు నాన్న. నేను బాగు చేస్తానన్నాను. అమ్మ టీవీ సౌండ్ తగ్గించి మరీ నా వైపు చూసింది.

ఎమ్మే అయి ఏడాది. నోరు తెరవలేక మూడు ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాను. కారు ప్రశ్నలడగదు.

15 జూలై

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ కారు వర్క్‌షాప్ మాన్యువల్ దొరికింది. శంషాబాద్ చేరేలోపు బస్సులోనే మూడు చాప్టర్లు చదివేశాను. ఇంటికొచ్చి మొదటి బోల్టు తిప్పితే దాని తల అరిగిపోయింది.

22 జూలై

కొత్తూరు నుంచి మెకానిక్ మొగులయ్య వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. హైవే పక్కన రేకుల షెడ్డు ఆయనది. ఇప్పటి కార్లన్నీ కంప్యూటర్లట, ఆ షెడ్డుకి ఎవరూ రావడం లేదట. నా మాన్యువల్ చూసి, బుక్కుల చూసి బండి చేస్తవా బిడ్డా, బుక్కుకు చెవులుంటయా అని నవ్వాడు.

ఆదివారాలు వస్తానన్నాడు. నాన్న ముందు కూర్చోడు. ఆలోచిస్తే, కూర్చోమని ఎవరూ అనలేదు.

5 ఆగస్టు

బ్రేక్ డ్రమ్ ఊడలేదు.

12 ఆగస్టు

ఊడింది. నా గోరు కూడా.

19 ఆగస్టు

మొగులయ్యకి ఒక పద్ధతుంది. చేసిన ప్రతి పనీ పైకి చెబుతాడు. ప్లగ్గు బిగించిన. ఆయిల్ పోసిన. పక్కనున్నవాళ్లు విన్న అనాలి. చేతులు చేసింది నోరు చెప్పాలె, లేకుంటే ఒకరు బిగించింది ఇంకొకరు ఇప్పుతరు అని ఆయన ఉస్తాద్ నేర్పాడట.

నాకు చెప్పడం రాదు. విన్న అనడం కూడా రాదు. తల ఊపుతాను. తల ఊపితే బానెట్ కింద ఉన్నోనికి ఎట్ల కనపడ్తది బిడ్డా అన్నాడు. కాన్వెంట్‌లో తొమ్మిదేళ్లు silence please బోర్డు కింద కూర్చున్నదాన్ని. ఆయనకి అది చెప్పలేదు. అది చెప్పాలన్నా నోరు తెరవాలి కదా.

16 సెప్టెంబర్

ఇంజన్ స్టార్టయింది! ముందునుంచి హ్యాండిల్ పెట్టి పదకొండోసారి తిప్పితే. నల్లటి పొగ, పక్కింటి కోళ్లు గోడ దూకాయి. మొగులయ్య స్క్రూడ్రైవర్ కొస ఇంజన్‌కి ఆనించి, పిడి నా చెవి దగ్గర పెట్టాడు. లోపల ఎవరో బియ్యం చెరుగుతున్నట్టుంది.

నాన్న స్నేహితుడు మల్లేశ్వర్ గారికి ఎయిర్‌పోర్టు రోడ్డులో ఫంక్షన్ హాలుంది. పెళ్లి ఊరేగింపులకని నాలుగు పాత కార్లు కొన్నారు. చూసుకునే మనిషి కావాలట. దసరా నాడు మన కారు నడిచి చూపిస్తే ఆ పని మొగులయ్యకేనట. ఈ మాట చెబితే ఆయన చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. తుడిచిన చెయ్యే మళ్లీ తుడిచాడు. భాగ్యమ్మకు ఇయ్యాలనే చెప్పాలె అన్నాడు. భాగ్యమ్మ ఆయన భార్య.

23 అక్టోబర్, సాయంత్రం

రేపే దసరా. మొగులయ్య రేడియేటర్ నిండా నీళ్లు పోశాడు. నీళ్లు పోసిన అన్నాడు. నేను తప్ప అక్కడెవరూ లేరు. తల ఊపాను.

ఆయన వెళ్లాక మూత తీసి చూశాను. నీళ్లు ఎర్రగా ఉన్నాయి, తుప్పు. తేటగా వచ్చేదాకా తీసి మళ్లీ పోయాలని మాన్యువల్ 41వ పేజీలో ఉంది. ఉదయాన్నే చేసేస్తాను.

24 అక్టోబర్, మధ్యాహ్నం 2

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఐదింటికి లేచి రేడియేటర్ కింది కుళాయి తిప్పి నీళ్లన్నీ వదిలేశాను. కుళాయి కట్టేశాను. నీళ్ల మోటరు వెయ్యబోతే కరెంటు లేదు. వచ్చాక పోద్దామనుకున్నాను. అమ్మ తలంటుకి పిలిచింది. తర్వాత చీర. ముహూర్తం తొమ్మిదింపావుకి. కానీ మల్లేశ్వర్ గారు ఏడున్నరకే వచ్చేశారు, ఎనిమిదికి హాల్లో ఏదో పనుందట. అయితే ఇప్పుడే కానిచ్చేద్దామన్నారు నాన్న. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. నాన్న స్టీరింగ్ దగ్గర, పక్కన మల్లేశ్వర్ గారు, వెనక మొగులయ్యా నేనూ. మొగులయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

నిమ్మకాయ చిట్లిన చప్పుడుకి గుర్తొచ్చింది.

అప్పుడు చెప్పొచ్చు. ఎదుట అందరూ చప్పట్లు కొడుతున్నారు. గేటు దాటాక చెబుదామనుకున్నాను. తర్వాత మలుపు దగ్గర. తర్వాత పెట్రోలు బంకు దగ్గర. నాన్న, మల్లేశ్వర్ గారు నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు ఆగితే చెబుదామనుకున్నాను.

మొదట మొగులయ్య తల పక్కకి వాల్చాడు, వింటున్నట్టు. ఆపుండ్రి సార్, ఆపుండ్రి అని అరిచాడు. అప్పటికే హైవే ఎక్కాం. కాలిన ఇనుము వాసన. ఇంజన్ బిగుసుకుపోయింది. ఆవిరి కూడా రాలేదు. ఆవిరికి నీళ్లుండాలి.

మొగులయ్య చేతికి గుడ్డ చుట్టుకుని మూత తీశాడు. లోపల పొడి. కింద కుళాయి తడిమాడు, గట్టిగా బిగించి ఉంది. లీకు లేదు. మల్లేశ్వర్ గారు, ఏంది మొగులయ్యా, కొబ్బరికాయ నీళ్లతోనే నడుస్తదనుకున్నవా అన్నారు. నాన్న అంతకంటే హీనంగా మాట్లాడారు. మీవాళ్ల పనులే ఇంత, అప్పజెబితే ఇలాగే ఉంటుంది అన్నారు. ఆ మీవాళ్లు అన్న మాటకి మల్లేశ్వర్ గారి నవ్వు కూడా ఆగింది.

నవ్వు ఆగింది. నేను చెప్పలేదు.

పోసిన సార్ అన్నాడు మొగులయ్య. నా వైపు తిరిగాడు. బిడ్డా, నీళ్లు పోసిన అన్న గద నిన్న, నువ్వు విన్నవు గద అన్నాడు.

నేను నా చెప్పుల వైపు చూశాను.

సాయంత్రం 7

జమ్మిచెట్టుకి కట్టే చీటీ మా ఇంట్లో ఏటా నేనే రాస్తాను, చేతిరాత బాగుంటుందని. శ్లోకం, కింద అందరి పేర్లు. ఈసారి అడుగున ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో, I drained the water అని రాశాను. వందల చీటీల మధ్య కట్టాను. ఎవరూ చదవరని తెలిసే కట్టాను.

మొగులయ్య వచ్చాడు. అయినా వచ్చాడు. నాన్న చేతిలో బంగారమంటూ జమ్మాకు పెట్టి దండం పెట్టాడు. నాన్న టీవీ చూస్తూ తీసుకున్నారు. నా చేతిలో కూడా పెట్టాడు. బంగారం బిడ్డా అన్నాడు.

28 అక్టోబర్

ఆదివారం. రాలేదు.

4 నవంబర్

సంతలో భాగ్యమ్మ కనిపించింది. నేను పక్క సందులోకి తిరిగేలోపే చెయ్యి పట్టుకుంది. ఆయనకు జర మంచిగ లేదు బిడ్డా అంది. జ్వరం కాదట. పొయ్యి ఆర్పిన్నా అని మూడుసార్లు లేచి చూస్తాడట. తిన్నాక, తిన్ననా అని అడుగుతాడట. మల్లేశ్వర్ గారు ఇంకోసారి చూద్దాం రమ్మని కబురు పెడితే, నా మతి మీద నాకే నమ్మకం లేదు, మంది పానాలతోని ఆటనా అని తనే వద్దన్నాడట. షెడ్డు కిరాయికి ఇచ్చేస్తానంటున్నాడట.

నువ్వన్న జెప్పు బిడ్డా, నీ మాటంటే ఆయనకు గురి అంది.

నా మాట.

11 నవంబర్

కొత్తూరు వెళ్లాను. షెడ్డులో ఒక్కడే కూర్చున్నాడు. స్పానర్లన్నీ సున్నం గీతల మధ్య సైజుల వారీగా పేర్చి ఉన్నాయి, మర్చిపోకుండానట. ఇంజన్‌కి గ్యాస్కెట్ ఎక్కడ దొరుకుతుందని అడిగి వచ్చేశాను.

గ్యాస్కెట్!

18 నవంబర్

చెప్పాను.

బస్సు దిగి, షెడ్డు లోపలికి కూడా వెళ్లకుండా, గుమ్మంలోంచే చెప్పేశాను. లోపలికెళ్తే మళ్లీ గ్యాస్కెట్ అడుగుతానని భయం. కుళాయి, కరెంటు, నిమ్మకాయ, నా చెప్పులు, అన్నీ. ఏడుస్తూ కాదు. ఏడిస్తే ఆయన నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

చేతిలోని స్పానర్‌ని దాని సున్నం గీతల మధ్య పెట్టాడు. తర్వాత, అయితె నేను పోసిన్నా అన్నాడు. పోశారు అన్నాను. నిండ పోసిన్నా అన్నాడు. నిండా అన్నాను. లోపలికెళ్లి మొహం కడుక్కొచ్చాడు.

అప్పుడు కోపం వచ్చింది ఆయనకి. ఇన్ని దినాలు నేను పిచ్చోన్నయితున్ననని అనుకున్న గదనే అన్నాడు. మొదటిసారి నన్ను బిడ్డా అనలేదు. నేను క్షమించమన్నాను. ఆ మాట ఇక్కడ గాదు, నలుగురిల పోయింది నలుగురిలనే రావాలె, సార్ ముందట, మల్లేశ్వర్ ముందట చెప్పు అన్నాడు.

25 నవంబర్, ఉదయం 10

నాన్న మల్లేశ్వర్ గారిని టిఫిన్‌కి పిలిచారు. నేనే పిలవమన్నాను. ఎందుకో చెప్పలేదు. మొగులయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇది రాయడం కూడా వాయిదా వెయ్యడమే. వెళ్తున్నాను.

మధ్యాహ్నం

రెండు వాక్యాలు చాలాయి. నెల రోజులు మోసినవి రెండు వాక్యాలు.

అమ్మ చట్నీ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. మల్లేశ్వర్ గారు, ఇగ నయమే, కారుకు నోరుంటే ఆ దినమే చెప్తుండె, నీకుండి కూడ చెప్పకపోతివి అన్నారు. నవ్వుతూనే అన్నారు. అది నాకు తగలాల్సిందే. కార్ల సంగతి మొగులయ్యనే అడిగారు. ముందు ఈ ఇంజన్ చెయ్యనీ, గప్పుడు చూద్దాం అన్నాడు ఆయన.

నాన్న నన్నేమీ అనలేదు. మీవాళ్లు అన్న మాట వెనక్కి తీసుకుంటారేమోనని ఎదురుచూశాను. తీసుకోలేదు. లేచి, లోపల్నుంచి కుర్చీ తెచ్చి మొగులయ్య వెనక వేశారు. మొగులయ్య కాసేపు దాన్ని చూశాడు. తర్వాత కూర్చున్నాడు.

26 నవంబర్

నాన్న ఇంకా నాతో మాట్లాడలేదు.

16 డిసెంబర్

ఇంజన్ హెడ్ ఊడదీశాం. రెండు పిస్టన్లు పోయాయి. నా వల్ల పోయినవాటి పేర్లు ఇప్పుడు నాకన్నీ తెలుసు. విప్పిన ప్రతిదీ పైకి చెప్పాను. చెప్పినప్పుడల్లా చెవులు వేడెక్కుతున్నాయి. మొగులయ్య విన్న అంటాడు. అంతకు మించి మాట్లాడడు. బిడ్డా అనడం ఇంకా మొదలుపెట్టలేదు.

20 జనవరి 2013, ఉదయం 7

నీళ్లు పోశాను. నీళ్లు పోసిన అన్నాను.

బానెట్ కిందనుంచి జవాబు లేదు. ఇంకోసారి అన్నాను, పక్కింటి కోళ్లు గోడ దూకేంత గట్టిగా.

విన్న బిడ్డా అన్నాడు.