పద్నాలుగేసి రోజులు

బెంజ్ సర్కిల్ ఆఫీసు,
బుధవారం

లక్ష్మీకాంత్ గారికి,

మెయిల్ పెడితే మీరు చదవరు. అందుకే కాగితం మీద రాసి మీ టేబుల్ మీద పెడుతున్నాను.

మంగళగిరి కాలేజీ లైబ్రేరియన్ అంకాలమ్మ గారు మన సాఫ్ట్‌వేర్‌లో తేదీలు తప్పుగా ఎక్కిస్తున్నారని మీరు వాళ్ళకి రాసిచ్చారు. శుక్రవారం ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తారట. మొన్న సెలవు పెట్టి, బస్సెక్కి వెళ్ళి చూశాను. పుస్తకాల వెనక చీటీల మీద ఆవిడ ముద్ర వేసిన తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కంప్యూటర్లో మాత్రం పద్నాలుగు రోజులో, ఇరవై ఎనిమిదో, నలభై రెండో ముందుకు జరిగి ఉన్నాయి.

తప్పు మన కోడ్‌లో ఉంది. పుస్తకం ఎప్పుడు తిరిగివ్వాలో లెక్కకట్టేటప్పుడు, ఇచ్చిన తేదీకి నకలు తీసి దానికి పద్నాలుగు రోజులు కలపాలి. మనం అసలు తేదీకే కలిపేస్తున్నాం. కంప్యూటర్లో ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ పుస్తకం ఇచ్చిన రోజే మారిపోతోంది. ఆవిడ జాగ్రత్త మనిషి, ఒకటికి రెండుమూడుసార్లు తెరిచి సరిచూసుకుంటారు. అందుకే మిగతా లైబ్రరీల కంటే ఆవిడ దగ్గరే తప్పులు ఎక్కువ.

ఆ లైను రాసింది మీరు. "యూట్యూబ్ చూసి నేర్చుకున్నదానివి, నా కోడ్ జోలికి రాకు" అన్నారు కాబట్టి, సరిచేసిన లైను నిన్నటి నుంచి మీ అనుమతి కోసం ఆగి ఉంది. అనుమతి ఇవ్వండి. తప్పు మనదని కాలేజీకి మీరే రాయండి. రేపు సాయంత్రంలోపు మీరు రాయకపోతే నేను రాస్తాను.

ఈలోపు ఆ పేజీ తెరవొద్దని అంకాలమ్మ గారికి ఫోన్ చేశాను.

"చూడకపోతే ఎట్లా అమ్మాయ్, అసలే తప్పులు పడుతున్నాయంటున్నారు. పొద్దుటి నుంచి రెండుసార్లు చూశా" అన్నారు.

కిటికీ పక్క సీటు నుంచి