చెరువు అడుగున మా అత్త బస్సు

ఆదివారం, ఉదయం

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త తీర్మానం!

ఈ సీజన్ అయ్యేలోపు నేను స్కూబా డైవర్ని అవుతాను. రాసేశాను. సిరాతో రాశాను. ఇక వెనక్కి తీసుకునేది లేదు.

దీనికంతటికీ కారణం మా మేనత్త. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి మొన్ననే రిటైరైంది. ఊరి చివర డైవింగు నేర్పే చెరువొకటి ఉంది. నేర్చుకునేవాళ్ళకి కింద చూడ్డానికేమైనా ఉండాలి కదా అని పాత సామానంతా అందులో ముంచిపెట్టారు. ఒక సైకిలు, ఒక కమోడు, మూతి విరిగిన సిమెంటు సింహం. వాటన్నిటికీ మహారాజులాగా ఒక సిటీ బస్సు. పైకప్పు కోసేశారు, అద్దాలు పీకేశారు, డ్రైవరు సీటు మాత్రం ఉంచారు. అది మా అత్త చాలా ఏళ్ళు నడిపిన బస్సే. కొన్నేళ్ళ కిందట డిపో వాళ్ళు వేలం వేస్తే చెరువు వాళ్ళు కొనుక్కున్నారట.

అత్తకి ఆ సీట్లో ఇంకొక్కసారి కూర్చోవాలని ఉంది. నీళ్ళ కింద. తొందరెందుకంటే బస్సు తుప్పు పట్టిపోయింది, సీజన్ అవగానే క్రేనుతో లాగేసి తుక్కుకి పంపేస్తారు.

కోర్సులో జతగానే చేర్చుకుంటారు. మామయ్యకి తలస్నానమే సాహసం. నిన్న భోజనాల దగ్గర అత్త "నాతో ఎవరొస్తారర్రా?" అంటే అందరూ కంచాల్లోకి చూశారు. నేను మాత్రం తలెత్తి, "ఇదేం పెద్ద విద్య అత్తా! చేపలేమైనా చదువుకున్నాయా?" అన్నాను.

నోరు ఊరుకోదు కదా.

సాయంత్రం

నా సాధన:
రోజూ యాభై బస్కీలు.
బకెట్లో మొహం పెట్టి ఊపిరి బిగబట్టడం.
నూనె వంటలు బంద్.
నీటికి సంబంధించిన తెలుగు మాటలన్నీ పోగెయ్యడం. మునగడం ఉంది, తేలడం ఉంది. మునక్కుండా తేలకుండా మధ్యలో వేలాడే స్థితికి మాట దొరకలేదు. నేనే కనిపెడతాను!

శుక్రవారం

బకెట్లో ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాను! అమ్మ వచ్చి "ఒరేయ్, ఆ బకెట్టు వదిలితే బట్టలుతుక్కుంటాను" అంది. గొప్పవాళ్ళకి ఇంట్లో విలువుండదు.

శనివారం

మొదటి క్లాసు. గట్టు మీద రేకుల షెడ్డు. తడి రబ్బరు కంపు. కుర్చీలు చాలక ఇద్దరం సిలిండర్ల మీద కూర్చున్నాం.

నేర్పేవాడు కళ్ళు పైకి, కాళ్ళు ఎడంగా ఉన్న మనిషి. పేరడగలేదు. కప్ప సారు అని పెట్టేశాను. మాతోపాటు కొత్తగా పెళ్ళైన ఇద్దరు. చేతులు వదిలితే ఒకరు ఆవిరైపోతారేమో అన్నట్టు పట్టుకుని కూర్చుంటారు. జిగురు జంట.

కప్ప సారు చెప్పిన మొదటి సూత్రం: "నీళ్ళ కింద ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. ఊపిరి ఆగకుండా నడుస్తూనే ఉండాలి. బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు పగులుతాయి."

వారం రోజుల బకెట్టు తపస్సు గంగలో కలిసింది.

రెండో సూత్రం: ఒకరు పైకంటే అందరూ పైకే. జతని వదిలి ఎవరూ ఉండకూడదు. మూడోది: ఏదైనా ఇబ్బందైతే అరచెయ్యి అటూ ఇటూ ఊపి, ఇబ్బంది ఎక్కడుందో అక్కడ చూపించాలి. "చెవి చూపిస్తే నేను ఒక్క ప్రశ్న కూడా అడగను. చెవితో బేరాల్లేవు. నేరుగా పైకే."

ఆ తర్వాత ఇంకేవో సైగలు చెప్పాడు. చాలానే చెప్పాడు.

ఆదివారం

చెరువులో దిగాం. బోర్డు మీద "స్ఫటిక సరోవరం" అని రాసుంది. రాసినవాడు స్ఫటికాన్నీ చూడలేదు, సరోవరాన్నీ చూడలేదు. చెయ్యి చాస్తే వేళ్ళు కనిపించవు. పాలు తక్కువైన టీలో దిగినట్టుంది. "నిండా మునిగినవాడికి చలేంటి" అని సామెత చెప్పినవాణ్ణి ఇక్కడికి తీసుకొచ్చి, మెడ పట్టి ముంచాలి.

గుండెల లోతులో మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. ఇవాళ్టి పాఠం: మాస్కులోకి కావాలని నీళ్ళు రానిచ్చి, ముక్కుతో ఊది బయటికి పంపడం. దొంగని ఇంట్లోకి పిలిచి మళ్ళీ తరమడం ఎందుకు? అసలు పిలవకుండా ఉంటే సరిపోదా?

అత్త ఊదేసింది. మొదటిసారికే. జిగురు జంట కూడా ఊదేసి ఒకరినొకరు కౌగిలించుకున్నారు.

నా వంతు. నీళ్ళు కళ్ళ దాకా వచ్చాయి. ముక్కులోకి వచ్చాయి. ఎక్కడెక్కడికో వచ్చాయి. లేచి నిలబడిపోయాను.

"ఏమైంది?" అన్నాడు కప్ప సారు.

ఎందుకో చెయ్యి చెవి దగ్గరికెళ్ళింది.

అబద్ధం కాదు. చెవిలో ఏదో ఉన్నట్టు అనిపించింది. అనిపించినట్టు అనిపించింది.

బుధవారం

మామయ్యది మందుల షాపు. అత్త పంపితే వెళ్ళాను. స్టూలు మీద కూర్చోబెట్టి, టార్చి వేసి, రెండు చెవులూ చూశాడు.

"ఒరేయ్, నీ చెవులు నా షాపు కంటే శుభ్రంగా ఉన్నాయిరా."

"లోపల నొప్పి మామయ్యా. బయటికి కనిపించదు."

"ఆహా. అలాంటి నొప్పులకి మా దగ్గర మందు లేదు" అని నవ్వి, చుక్కల మందు చేతిలో పెట్టాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మందులమ్ముకునేవాడికి వైద్యం ఏం తెలుసు?

బస్కీలు ఇవాళ లేవు. చెవి నొప్పికి బస్కీలు మంచివి కావు.

శనివారం

ఇవాళ లోతుకి. జిగురు జంట రాలేదు, మేం ముగ్గురమే. తాడు పట్టుకుని మెల్లగా దిగాలి. కింద ఇనప వేదిక ఉంటుంది. అక్కణ్ణించి బస్సు దగ్గరే.

సగం దిగాం. పైన వెలుతురు చిన్నదైపోయింది. నా ఊపిరి నాకే లారీలా వినిపిస్తోంది. మాస్కులో ఒక చుక్క నీరు. ఒక్కటే చుక్క! అది అక్కడ కూర్చుని నన్నే చూస్తోంది.

చెవి.

ముగ్గురం పైకొచ్చేశాం.

పరదా వెనక రబ్బరు సూటు విప్పుకుంటుంటే బయట మాటలు వినపడ్డాయి.

"అమ్మా, మీరు బాగా చేస్తున్నారు. ఆ కుర్రాడితో అయ్యేలా లేదు. కొత్తగా పెళ్ళైన అబ్బాయికి జలుబు, ఇక రాడు. వాళ్ళావిడకి జత కావాలి. మీరు మారిపోండి."

"మారను సార్" అంది అత్త. "చార్టులో ఎవరి పేరుంటే వాళ్ళతోనే బండి తీస్తాం. మధ్యలో దించేస్తే వాడు జన్మలో మళ్ళీ బండెక్కడు."

"మీ బస్సు పోతుందమ్మా మరి."

"రేపు క్లాసు లేకపోయినా వచ్చే ఆదివారం ఆఖరి క్లాసుంది కదా."

అత్తది మొండి పట్టు. డిపో పద్ధతులన్నీ చెరువులోకి తెస్తే ఎలా? నేను పరదా వెనకాల చాలాసేపు ఉండిపోయాను. సూటు జిప్పు పట్టేసింది. అందుకే.

మంగళవారం

నూనె వంటలు తిరిగి ప్రారంభం. బాగా ఆలోచించే చేశాను. ఒంట్లో కొవ్వుంటే చలి వేయదు. మంచు సముద్రాల్లో ఈదే సీల్‌ని చూడండి, ఎంత గుండ్రంగా ఉంటుందో! అది ఎప్పుడైనా బస్కీలు తీసిందా?

గురువారం

ఈ స్కూబా అనేదే ఒక మోసం. దేవుడు మనిషికి మొప్పలు ఇవ్వలేదు. ఇవ్వనిదాన్ని సిలిండర్లో నింపి వీపుకి కట్టుకుని, నడుముకి సీసం బరువులు వేలాడేసుకుని, చివరికి ఏం చూస్తాం? కమోడు. మా ఇంట్లో ఉంది ఒకటి.

అత్త ఫోన్ చేసింది. "అల్లుడూ, చెవెలా ఉంది?"

నీళ్ళు నమిలాను. చెరువులో నమిలినవి చాలనట్టు.

"ఆదివారం వస్తావు కదా?"

"వస్తానత్తా! ఎందుకు రాను!"

శనివారం

ఇవాళ అద్దం ముందు నిలబడి పదిసార్లు అనుకున్నాను: నీళ్ళంటే భయం లేదు. నీళ్ళంటే భయం లేదు. పదకొండోసారి అద్దంలో వాడికి నవ్వొచ్చింది.

ఆదివారం

రాయాలా? రాస్తాను.

సీజన్‌లో ఆఖరి రోజు. తాడు వెంట దిగాం. వేదిక దాకా వెళ్ళాం. నేను వెళ్ళాను! అక్కణ్ణించి నేల మీద కట్టిన దారం పట్టుకుని ఈదాలి. కప్ప సారు ముందు, వెనక అత్త, చివర నేను.

ముందు ఏమీ లేదు. తర్వాత ఆకుపచ్చ చీకట్లోంచి ముందు చక్రం, రెండు ఖాళీ లైటు గుంటలు, నాచు పట్టిన నంబరు బోర్డు. బస్సు ఎవరి కోసమో స్టాపులో ఆగినట్టుంది.

పద్ధతేమిటంటే, ఒకరు లోపల కూర్చుంటే జతగాడు తలుపు దగ్గర లైటు పట్టుకుని ఉండాలి. కప్ప సారు లైటు నా చేతికిచ్చాడు. అత్త తలుపు పక్క కడ్డీ పట్టుకుంది. రోజూ ఎక్కేటప్పుడు పట్టుకునే కడ్డీయే అయ్యుంటుంది, చెయ్యి వెతక్కుండా నేరుగా వెళ్ళింది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

అప్పుడు కిటికీలోంచి ఒక చేప బయటికొచ్చింది. అరచేతంత చేప. నా మాస్కుని తాకి వెళ్ళింది. అంతే. మాస్కులో నీళ్ళు.

లైటు వదిలేశాను. చెయ్యి ఊపాను. చెవి చూపించాను.

అత్త నన్ను చూసింది. ఒక కాలు మెట్టు మీద, ఒక చెయ్యి కడ్డీ మీద. ఆ తర్వాత కడ్డీ వదిలింది.

పైకొచ్చేసరికి సిలిండర్లలో గాలి అయిపోవస్తోంది. గట్టు మీద క్రేను వాళ్ళు కొలతలు తీసుకుంటున్నారు.

తిరుగుదారిలో అత్త స్కూటరు నడిపింది. నేను వెనక కూర్చున్నాను.

సోమవారం

చేప తప్పు.

మంగళవారం

చేప తప్పు కాదు.

శుక్రవారం

బస్సుని పైకి తీస్తున్నారని తెలిసి వెళ్ళాం. నాకో గొప్ప ఆలోచన వచ్చింది కూడా. బస్సే గట్టు మీదకొస్తుంటే చెరువులోకి ఎందుకు? ఇక్కడే కూర్చుంటే సరిపోలా! అత్తతో చెప్పాను కూడా. సిగ్గు లేకుండా.

క్రేను రొద చేస్తూ లాగింది. బస్సు అన్ని కిటికీల్లోంచీ నీళ్ళు కక్కుతూ పైకొచ్చి, బురదలో ఒక పక్కకి ఒరిగి కూలబడింది.

"కూర్చో అత్తా. ఎవరూ ఏమనరు."

"దీంట్లోనా? దీంట్లో ఏళ్ళ తరబడి కూర్చున్నా కదరా."

"మరి ఇన్నాళ్ళూ..."

"అన్నేళ్ళలో ఆ సీట్లో ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉన్నానా? వెనక బెల్లు, పక్కన హారను, ఎదురుగా టైము చూపించే గడియారం. నీళ్ళ కిందైతే ఎవడూ బెల్లు కొట్టడు అనుకున్నాను."

క్రేను ఇంకా రొద చేస్తూనే ఉంది.

"నేను కొట్టాను" అన్నాను.

"కొట్టావు. మొదటి ఆదివారం నుంచీ కొడుతూనే ఉన్నావు."

"నీకు తెలుసా?"

"పాసు లేకుండా ఎక్కినవాడి మొహం అద్దంలో ముప్పై ఏళ్ళు చూశానురా. చెవి నొప్పి మొహం అలా ఉండదు."

"తెలిసి ఎందుకొచ్చావత్తా పైకి? ఆ కాలు లోపల పెడితే అయిపోయేది కదా!"

"బెల్లు కొడితే ఆపాలి. నిజంగా దిగాలా, ఊరికే కొట్టావా అని విచారణ చెయ్యడం డ్రైవరు పని కాదు. ఆపననుకో, ఏదో ఒక రోజు నిజంగా దిగాల్సినవాడు దూకేస్తాడు."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి అనడానికి నా దగ్గర మాటలున్నాయి. ఇన్ని మాటలు పోగేశాను, దీనికి ఒక్కటీ పనికిరాలేదు.

కప్ప సారు దగ్గరికెళ్ళాను. "సార్, చెవి కాదు. భయం."

"మొన్న చూశాను."

"భయానికి సైగ ఉంటే ఎంత బాగుండేది సార్."

ఆయన కళ్ళు ఇంకా పైకెళ్ళాయి. "ఉంది. చెయ్యి ఊపి గుండె చూపించాలి. అప్పుడు పైకి తీసుకురాను. పక్కకొచ్చి చెయ్యి పట్టుకుంటాను, ఊపిరి కుదురుకునేదాకా. మొదటి క్లాసులోనే చెప్పాను. నువ్వప్పుడు నా నడక గురించి ఆ జంటకి జోకులు చెబుతున్నావు."

అందరినీ వెక్కిరించాను. చెరువుని, చేపని, బోర్డు రాసినవాణ్ణి. నాకు పనికొచ్చే ఒకే ఒక్క మాట మాత్రం ఆ నవ్వుల్లో వినపడకుండా పోయింది. ఇంతకంటే తెలివితక్కువ వెధవ ఈ చెరువులో ఇప్పటిదాకా మునగలేదు.

ఆదివారం, ఉదయం

కొత్త పేజీ.

అత్త వచ్చే సీజన్‌కి మళ్ళీ కోర్సుకి పేర్లిచ్చింది. చార్టులో ఇద్దరివీ ఉన్నాయి. "బస్సు లేదు కదత్తా, కింద ఏముంటుంది?" అని అడిగితే, "బస్సుని తుక్కుకి పంపారు, చెరువుని పంపలేదు కదా" అంది.

అప్పటిదాకా సాధనకి కప్ప సారు నన్ను ఈతకొలనులో చిన్నపిల్లల బ్యాచ్‌లో వేశాడు. అందరూ నా నడుం ఎత్తుంటారు. వాళ్ళ ముందు మాస్కులో నీళ్ళు పోసుకుని ఊదాలి. ఊదలేకపోతే గుండె చూపించాలి.

తీర్మానం: చూపిస్తాను. ఎంతమంది చూస్తున్నా చూపిస్తాను.

మొదలు రేపట్నుంచి. రేపు వాన పడితే ఎల్లుండి నుంచి. ఎల్లుండి కాకపోతే...

కింద గేటు దగ్గర అత్త స్కూటరు హారను మోగుతోంది. ఇవాళే అంట. టవలు ఎక్కడుందో తెలియడం లేదు. వస్తున్నా!